విరిగిన తుంటి, పడుకుంటే ఆయాసం, స్ట్రెచర్ పట్టని లిఫ్ట్: మూడో అంతస్తు నుంచి దించిన ఒక కేసు

108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే పేషెంట్‌ని చూసుకునే అత్యవసర వైద్య సహాయకుడిగా నేను చూసిన కేసు ఇది. ట్రైనింగ్‌లో స్కూప్ (రెండు ముక్కలుగా విడదీసి పేషెంట్ కిందికి జరిపే స్ట్రెచర్) ఎప్పుడు వాడాలి, కుర్చీ ఎప్పుడు, స్పైన్ బోర్డ్ (పడుకోబెట్టి మోసే గట్టి పలక) ఎప్పుడు అని దేనికది విడిగా నేర్పుతారు, పరీక్షలో కూడా అలాగే అడుగుతారు. కానీ ఒకే పేషెంట్‌కి రెండు సమస్యలుండి, ఒకటేమో పడుకోబెట్టమని, ఇంకోటేమో కూర్చోబెట్టమని అంటుంటే ఏం చెయ్యాలో ఏ చార్ట్‌లోనూ ఉండదు, అక్కడికక్కడ ఆలోచించుకోవాల్సిందే. కొత్తగా చేరిన వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టేలా ఉన్నవి తీసేశాను, కొన్ని మార్చాను. కోస్తాలో ఏదో ఒక పట్టణం అనుకోండి చాలు.

నేపథ్యం

పేషెంట్ డెబ్భై దాటిన పెద్దావిడ, బరువు వంద కిలోల దాకా ఉంటారు. గుండె పంపింగ్ తక్కువని డాక్టర్లు ఎప్పుడో చెప్పారంట, నీరు పోవడానికి బిళ్ళలు వాడుతున్నారు, బీపీ, షుగర్ కూడా ఉన్నాయి. వాళ్ళమ్మాయి మాటల్లో ఇంకో ముఖ్యమైన సంగతి బయటపడింది, ఈవిడ ఏడాదిగా మూడు దిళ్ళు పెట్టుకుని గానీ పడుకోలేకపోతున్నారు, దిండు జారితే ఆయాసంతో లేచి కూర్చుంటారు. ఈ ఒక్క మాట మొత్తం ప్లాన్‌ని మార్చేసింది కాబట్టి ముందే చెప్తున్నాను.

ఇల్లు మూడో అంతస్తులో. పాత అపార్ట్‌మెంట్, నలుగురు నిలబడితే నిండిపోయే లిఫ్ట్. మెట్లు మూడడుగుల పైచిలుకు వెడల్పు, ప్రతి అంతస్తుకీ మధ్యలో ఒక మలుపు.

తెల్లవారుజామున బాత్రూంలో జారి పడ్డారు. ఫోన్ వచ్చినప్పుడు "పడిపోయారు, లేవలేకపోతున్నారు" అని మాత్రమే చెప్పారు. మేమిద్దరమే, నేనూ మా పైలట్ (108లో డ్రైవర్‌ని అలాగే అంటాం).

వెళ్ళేసరికి

బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేది, ఆవిడ తల, భుజం తలుపు వైపే ఉన్నాయి, కాళ్ళు కమోడ్ వైపు. తలుపు సగమే తెరుచుకుంటోంది. మేం వచ్చేలోపే కొడుకూ పక్కింటాయనా చంకల కింద చేతులేసి రెండుసార్లు లేపబోయారంట, ఆవిడ కేకలు పెట్టేసరికి భయపడి వదిలేశారు. వాళ్ళని తప్పు పట్టడానికేం లేదు, కన్నతల్లి తడినేల మీద పడుంటే ఎవరైనా చేసేది అదే. కాకపోతే చంకల కింద పట్టి లేపితే నడుం నుంచి కింద భాగమంతా వేలాడుతుంది, విరిగిన ఎముక మీద ఆ బరువంతా పడుతుంది.

సగం తలుపు సందులోంచి లోపలికి దూరి చూశాను. స్పృహలో ఉన్నారు, మాట స్పష్టంగా ఉంది, తలకి దెబ్బ లేదు, కళ్ళు తిరగలేదు, సబ్బునీళ్ళ మీద కాలు జారిందని ఆవిడే చెప్పారు. కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఎక్స్‌రే వచ్చేదాకా తుంటి విరిగిందనే అనుకుని నడవాలి. పాదం మీద నాడి అందుతోంది, వేళ్ళు కదుపుతున్నారు. బీపీ 150 మీద 90, షుగర్ 160 చిల్లర, రక్తంలో ఆక్సిజన్ 91 శాతం. తల కింద ఎవరో దిండు, మడిచిన దుప్పటి పెట్టారు, అందుకే కొంచెం నయంగా ఉన్నారు.

మెడ నొప్పి లేదు, చేతులూ కాళ్ళూ తిమ్మిరి లేవు. కానీ వయసు 65 దాటింది, పైగా తుంటి నొప్పి ముందు మెడ నొప్పి తెలియకపోవచ్చు, కాబట్టి మెడని పూర్తిగా కొట్టిపారేయలేం. మెడ కదలకుండా గట్టి కాలర్ (మెడ పట్టీ) వేస్తే ఈ ఆయాసంలో ఇంకా ఇబ్బంది పడతారు. అందుకే కాలర్ వెయ్యకుండా కదిపినప్పుడల్లా ఒకరు తల పట్టుకోవాలి, స్ట్రెచర్ మీద రెండు పక్కలా టవల్ చుట్టలు పెట్టాలి అనుకున్నాం. కంట్రోల్ రూంలో ఉండే డాక్టర్‌కి ఫోన్‌లో చెప్తే ఆయనా అదే సరే అన్నారు.

మొదటి నిర్ణయం: తొందర పడాలా వద్దా

పేషెంట్‌ని కదిపే పద్ధతులు మూడు రకాలని అందరం చదువుకున్నదే. మంటలు, గ్యాస్, కూలే గోడ, లేదంటే గుండె ఆగిపోయి సీపీఆర్‌కి చోటు కావాలి, ఇలాంటప్పుడు ఎముకలూ మెడా చూసుకోకుండా లాగేస్తాం, అది ఎమర్జెన్సీ మూవ్. పేషెంట్ పరిస్థితి దిగజారుతోందంటే మెడని కాపాడుకుంటూ త్వరగా కదిపేది అర్జెంట్ మూవ్. ఈ రెండూ కానిదంతా నాన్ అర్జెంట్.

ఈవిడది మూడో రకం. బాధ ఎక్కువే, ప్రమాదమూ ఉంది, కానీ బాత్రూంలో ఉండటం వల్ల ఈ నిమిషంలో ప్రాణానికి వచ్చిందేం లేదు. ఈ మాట నాకు నేను గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే చుట్టూ పదిమంది "త్వరగా తియ్యండి సార్, త్వరగా" అంటుంటే చేతులు వాటంతట అవే పనిలోకి దిగిపోతాయి. కొడుకుని పక్కకి పిలిచి విడమర్చి చెప్పాను: "బాబూ, అమ్మకి ఇప్పుడు ఆక్సిజన్ పెడుతున్నాం, నొప్పికి ఇంజెక్షన్ ఇస్తున్నాం, అది పనిచేసేదాకా ఆగి అప్పుడు కదుపుతాం, ఒక్కసారే కదుపుతాం, సరిగ్గా కదుపుతాం." ఆ తర్వాత గోల తగ్గింది. ఇంట్లో వాళ్ళకి ఏం జరగబోతోందో తెలియనప్పుడే తొందరపెడతారు.

డాక్టర్ చెప్పిన డోసు ప్రకారం ఎడమ చేతి నరానికి సూది లైను పెట్టి నొప్పి మందు ఇచ్చాం, ఆక్సిజన్ మొదలుపెట్టాం, 95కి వచ్చింది. నైటీ తడిసిపోయి ఉంది, మగవాళ్ళందరినీ హాల్లోకి పంపి కూతురు చేత పొడి దుప్పటి కప్పించాం. ఇది మర్యాద కోసం ఎంతో శరీరం చల్లబడకుండా ఉండటానికీ అంతే, తడినేల మీద గంటసేపు పడుకున్న ముసలావిడకి వణుకొస్తే ఆక్సిజన్ ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది.

బాత్రూం నుంచి హాల్లోకి

తలుపు పీవీసీది. కొడుకు దగ్గర స్క్రూడ్రైవర్ తీసుకుని మా పైలట్ బందుల స్క్రూలు విప్పి తలుపే తీసి పక్కన పెట్టేశాడు. కదిపే పనంతటిలో మాకు బాగా కలిసొచ్చింది ఇదే.

స్కూప్ అక్కడే పెట్టగలమేమో చూశాం, కుదరలేదు. స్కూప్ నిలువుగా రెండు ముక్కలవుతుంది, చెరో పక్క నుంచీ జరిపి తల దగ్గరా కాళ్ళ దగ్గరా గొళ్ళేలు కలపాలి, అప్పుడే దొర్లించకుండా ఎత్తగలం, దాని గొప్పతనమే అది. కానీ ఎడమ పక్క గోడ ఆనుకుని ఉంది, ఆ ముక్క దూరే జాగా లేదు. స్పైన్ బోర్డ్ అయితే ఒక పక్కకి పూర్తిగా దొర్లించాలి, ఆ ఇరుకులో విరిగిన తుంటితో అది చెయ్యకూడదు.

అందుకని దుప్పటితో నేల మీద లాగడమే మిగిలింది. తల తలుపు వైపు ఉండటం మన అదృష్టం, భుజాల వైపు నుంచి లాగితే ఒళ్ళంతా ఒకే గీత మీద వస్తుంది, కాలు వెనకాల తిన్నగా జరుగుతూ వస్తుంది. అదే కాళ్ళు తలుపు వైపు ఉండుంటే ఈ పద్ధతి పనికొచ్చేది కాదు. దుప్పటిని మడతలు పెట్టి నడుం కింద ఉండే ఖాళీలోంచి దూర్చి, అటూ ఇటూ మెల్లగా జరుపుతూ పైన భుజాల దాకా, కింద పిరుదుల దాకా తీసుకెళ్ళాం, పిరుదుల దగ్గర మాత్రం ఎడమ వైపుకి కాస్త వంచాల్సి వచ్చింది. రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి తొడల దగ్గరా, మోకాళ్ళ కిందా, చీలమండల దగ్గరా చున్నీలతో కట్టాం, మంచి కాలే విరిగిన కాలికి బద్ద. తిరిగిపోయిన పాదాన్ని తిన్నగా చెయ్యాలని చూడలేదు, ఎలా ఉందో అలాగే కట్టాం.

ఇంకో చిక్కు గడప. మన బాత్రూంల నేల హాలు కంటే రెండు మూడు అంగుళాలు పల్లంగా ఉంటుంది కదా, ఆ అంచు మీద తుంటి తగిలిందంటే ఇచ్చిన ఇంజెక్షన్ ఏ మూలకీ చాలదు. ఇంట్లో ఉన్న బొంతలు మడిచి లోపలి వైపు వాలుగా పేర్చాం, అంచు మీద ఇంకోటి పరిచాం. ఒకరు తల, ఇద్దరు భుజాల దగ్గర దుప్పటి, ఒకరు కాళ్ళకి ఆసరా. నిలబడి వంగి లాగితే మన నడుం పోతుంది, అందుకే మోకాళ్ళ మీద కూర్చుని చేతులు ఒంటికి దగ్గరగా పెట్టి శరీరాన్ని వెనక్కి వాల్చి లాగాం, కొంచెం లాగడం, ఆగడం, మళ్ళీ కొంచెం. ఆవిడ ఒక్కసారి మూలిగారు, అంతే. హాల్లోకి రాగానే పాదం నాడి మళ్ళీ చూశాం, ఉంది.

కుర్చీ ఎందుకు కాదన్నాం

ఇక్కడ కొడుకు "కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్ట్‌లో దించేద్దాం సార్, రెండు నిమిషాల పని" అన్నాడు. నిజం చెప్పాలంటే అది తెలివితక్కువ మాట కాదు. ఆయాసానికి కూర్చోవడమే మంచిది, కుర్చీ లిఫ్ట్‌లో పడుతుంది, మెట్ల బాధ ఉండదు. తుంటి బాగుంటే నేనూ అదే చేసేవాణ్ణి.

పుస్తకంలో వద్దన్నారని కాకుండా చూసి తేల్చుకుందామని వీపు కింద దిళ్ళు పేరుస్తూ మెల్లగా పైకి లేపాం. కొంతవరకు ఓర్చుకున్నారు, పూర్తిగా కూర్చోవడంలో సగం దగ్గరికి వచ్చేసరికి గట్టిగా అరిచారు, కుడి తొడ బిగుసుకుపోయింది. కుర్చీ అంటే తుంటి పూర్తిగా మడవాలి, అంటే కుదరదని ఆవిడ ఒళ్ళే చెప్పేసింది. పైగా ఇంట్లో ఉన్నవి మామూలు ప్లాస్టిక్ కుర్చీలు, వంద కిలోల మనిషిని కూర్చోబెట్టి చేతుల దగ్గర పట్టుకుని ఎత్తితే విరిగే అవకాశం ఎక్కువ. ఈ పరీక్షలోనే పనికొచ్చే సంగతి ఇంకోటి తెలిసింది: ముప్పై డిగ్రీల దాకా తల ఎత్తినా తుంటి ఓర్చుకుంటుంది, ఆయాసం కూడా తగ్గుతుంది.

స్కూప్ మీద పడుకోబెడితే

హాల్లో జాగా ఉంది కాబట్టి స్కూప్ రెండు ముక్కలూ బాగానే కలిశాయి. కానీ స్కూప్ మధ్యలో వంగదు, తిన్నగా పడుకోవాల్సిందే. పడుకోబెట్టి బెల్టులు వేస్తుండగానే ఊపిరి వేగం పెరిగింది, "నా వల్ల కాదు నాయనా" అంటున్నారు, ఆక్సిజన్ పెట్టి ఉన్నా 88కి పడిపోయింది. వెంటనే స్కూప్ తల వైపు ఎత్తి సోఫా అంచు మీద ఆనించాం. కాసేపటికి మళ్ళీ 94.

సోఫా మీద తల వైపు ఎత్తుగా ఉన్న ఆ స్కూప్‌ని చూస్తుంటేనే మా పైలట్ అన్నాడు, "అన్నా, మెట్ల మీద ఎలాగూ ఇలాగే ఉంటుంది కదా." ఈ కేసంతా తేలింది ఆ మాట దగ్గరే. కాళ్ళు ముందు, తల వెనక పెట్టి మెట్లు దిగుతుంటే మెట్ల వాలుకి తల దానంతట అదే ముప్పై డిగ్రీల దాకా పైకి ఉంటుంది. అంటే మేం భయపడుతున్న మెట్లే ఆవిడకి ఊపిరాడే చోటు, కష్టమంతా చదునుగా ఉండే చోట్ల, అంటే హాల్లో, మలుపుల్లో, కింద వరండాలో. ఆ చోట్ల మనమే తల వైపు ఎత్తి పట్టుకోవాలి.

కానీ తల పైకి ఉంటే మనిషి కాళ్ళ వైపు జారుతుంది. జారి కుడి పాదం దేనికైనా తన్నుకుంటే ఆ బరువు నేరుగా విరిగిన చోటుకి వెళ్తుంది. దానికని చంకల కింద నుంచి ఛాతీ మీదుగా ఒక బెల్టు వేశాం, ఊపిరి బిగుసుకోకుండా చెయ్యి దూరేంత వదులు. నడుం ఎముక మీద ఒకటి వేశాం, తుంటి దగ్గర మెత్త పెట్టి. ఎడమ పాదం కింద మాత్రమే బెల్టుని ఉచ్చులా వేసి స్కూప్‌కి కట్టాం, బరువు జారితే మంచి కాలు మీద ఆగాలి, కుడి పాదానికి కింద ఏదీ తగలకూడదు. కాళ్ళు కలిపి కట్టిన కట్లు కూడా కొంచెం సడలించాం, ఎడమకాలు కుడికాలిని తోసెయ్యకుండా.

ఎంతమంది, ఎవరు

అమెరికాలో పనిచేసేవాళ్ళ భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఒక మనిషి చేత్తో ఎత్తడానికి హద్దు 23 కిలోలు. పేషెంట్లని ఎత్తే పనికి ఆ హద్దు 16 కిలోలే అని 2007లో ఆ సంస్థ పరిశోధకుడే రాశారు, ఎందుకంటే మనిషి కదులుతాడు, మనం వంగి, తిరిగి, ఇరుకులో పట్టుకుంటాం. మా దగ్గర వంద కిలోల మనిషి, స్కూప్, బెల్టులు. నలుగురు సమానంగా పంచుకున్నా తలా 27 కిలోలు దాటుతుంది, అది కూడా సమానంగా పంచుకోరు, తల వైపు సగం కంటే ఎక్కువ బరువు ఉంటుంది, మెట్లు దిగేటప్పుడు కింద ఉన్నవాళ్ళ మీద ఇంకా పడుతుంది. ఇద్దరం చెయ్యగలమా అనే ప్రశ్నే లేదు. రెండో బండి అడిగాం, దగ్గర్లో ఖాళీగా లేదు. వాచ్‌మన్, పక్కింటాయన, కొడుకు, పై ఫ్లోర్‌లో ఉండే ఇద్దరు కుర్రాళ్ళు, మేమిద్దరం కలిసి ఏడుగురం.

నడుం నొప్పి ఉన్నవాళ్ళెవరని ముందే అడిగాను. పక్కింటాయన "కొంచెం ఉంది బాబూ" అన్నారు, ఆయన్ని ఆక్సిజన్ సిలిండర్ మొయ్యడానికి పెట్టాం. సిలిండర్‌ని పేషెంట్ కాళ్ళ మధ్య పడేసి తీసుకెళ్ళడం చాలాచోట్ల చూస్తుంటాం, మెట్ల మీద అది జారితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. చెప్పులు విప్పించాం, లుంగీలో ఉన్న వాచ్‌మన్‌ని ప్యాంటు వేసుకుని రమ్మన్నాం. ఇద్దరు తల వైపు, ఇద్దరు కాళ్ళ వైపు, అందరి కంటే కింద ఒక కుర్రాడు కాళ్ళ వైపు వాళ్ళ వీపు మీద చెయ్యి వేసి మెట్టు మెట్టుకీ "ఇంకో మెట్టు" అని చెప్పాలి, ఇంకొకడు మలుపుల దగ్గర చెయ్యి మార్చాలి. కాళ్ళ వైపు గట్టివాళ్ళని పెట్టాం. నేను తల వైపు, ఆవిడ మొహం నాకు కనిపించేలా.

మాట్లాడేది నేనొక్కణ్ణే. "ఒకటి, రెండు, ఎత్తు" అంటే "ఎత్తు" దగ్గరే ఎత్తాలి, మూడు అనను. ఇది ముందు తేల్చుకోకపోతే సగంమంది మూడు మీద ఎత్తుతారు, సగంమంది మూడు తర్వాత ఎత్తుతారు, స్ట్రెచర్ ఒరిగేది అక్కడే. "ఆపు" మాత్రం ఎవరైనా అనొచ్చు, ఎవరన్నా అందరూ ఆగాలి.

ఇంకో పని చేశాం, దీన్ని ఎంత చెప్పినా తక్కువే. ఆవిడ సోఫాకి ఆనించిన స్కూప్ మీద కూతురి పక్కన ఉండగా, కుర్రాళ్ళతో మా పైలట్ ఒక స్పైన్ బోర్డ్‌ని ఖాళీగా పట్టుకుని కింద దాకా నడిచొచ్చాడు. స్కూప్ కంటే అది పెద్ద పొట్టి కాదు. మలుపులో చదునుగా పట్టుకుంటే తిరగడం లేదని, తల వైపు బాగా ఎత్తి పిట్టగోడ మీదుగా తిప్పితే తిరుగుతుందని అక్కడే తెలిసింది. తల ఎత్తేకొద్దీ బోర్డు నేల మీద ఆక్రమించే పొడవు తగ్గుతుంది, పేషెంట్‌కి ఊపిరీ బాగుంటుంది. రెండో అంతస్తు మలుపులో చెప్పుల స్టాండ్, పూలకుండీలు, ఒక సైకిల్ ఉన్నాయి, తీయించేశారు.

దించడం

ఎత్తేటప్పుడు పాదాలు ఎడంగా, వీపు తిన్నగా, మోకాళ్ళ దగ్గర వంగి, అరచెయ్యి మొత్తం స్కూప్ పిడి మీద. మెట్ల మీద మొదటి వరస దిగగానే చూశాను, ఆక్సిజన్ 94, మొహంలో ఆయాసం లేదు. ప్రతి మలుపులో ఆగాం, కాళ్ళ వైపు నేల మీద ఆనించి, తల వైపు మేం నడుం ఎత్తులో పట్టుకుని, చేతులు మార్చుకుని, ఆవిడతో రెండు మాటలు మాట్లాడి, "అమ్మా, ఇప్పుడు ఎడమకి తిరుగుతాం, రెయిలింగ్ పట్టుకోకండి" అని చెప్పి కదిలాం. భయంతో పేషెంట్ చెయ్యి చాపి రెయిలింగ్ పట్టుకుంటే అందరూ కలిసి పడిపోతారు, అందుకని చేతులు దుప్పటి లోపలే ఉంచాం. ఒకచోట వాచ్‌మన్ "ఆపు" అన్నాడు, చెమటకి పట్టు జారుతోందంట. ఆగాం, తుడుచుకున్నాడు, కదిలాం.

కింద బండి స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. దాని మీద పెట్టాక స్కూప్ గొళ్ళేలు తీసి రెండు ముక్కలూ రెండు పక్కలకి లాగేశాం, తీయకపోతే స్ట్రెచర్ వీపు భాగం లేపలేం. వీపు ముప్పై డిగ్రీల దాకా లేపి, మోకాళ్ళ కింద దిండు పెట్టాం. పాదం నాడి ఉంది, వేళ్ళు కదుపుతున్నారు. మొత్తం మీద ముక్కాలు గంట పైనే పట్టింది. అంతసేపు అక్కడ ఉండటం ఎక్కువే, కానీ అందులో సగం నొప్పి మందు పని చెయ్యడానికి, ఖాళీ బోర్డుతో దిగి చూడటానికి పోయిన టైమే, దాన్ని నేను వృథా అనుకోను.

ఆస్పత్రిలో అప్పగించేటప్పుడు పడుకుంటే 88కి పడిపోతున్నారనే మాట మొదట చెప్పాను, ఎందుకంటే ఎక్స్‌రే టేబుల్ మీద మళ్ళీ అదే జరుగుతుంది. తుంటి కీలు దగ్గర, తొడ ఎముక పైభాగంలో 'మెడ' అనే చోట విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. గుండె సంగతి చూసుకుని ఆపరేషన్ చేశారు, వాకర్‌తో నడుస్తున్నారని తర్వాత కొడుకు చెప్పాడు.

ఈ కేసు తర్వాత

పేషెంట్‌కి ఏ పరికరం అని ఆలోచించడం మానేశాను. దారిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఏ పొజిషన్, ఏ పరికరం అని చూస్తున్నాను. బాత్రూంలో దుప్పటి, హాల్లో స్కూప్, మెట్ల మీద స్కూపే కానీ తల పైకి, బండిలో స్కూప్ తీసేసి వాల్చిన వీపు. ఏ ఒక్కటీ మొత్తం దారికి సరిపోయేది కాదు.

తుంటి అనుమానం ఉన్న ప్రతి ముసలివాళ్ళనీ "రాత్రి ఎన్ని దిళ్ళు పెట్టుకుంటారు" అని అడగండి. ఆయాసం ఉందా అంటే చాలామంది లేదంటారు, దిళ్ళ లెక్క మాత్రం కరెక్ట్‌గా చెప్తారు.

దారిలో ఉండగానే ఇంటివాళ్ళకి ఫోన్ చేసి ఇప్పుడు అడిగేవి: ఎన్నో అంతస్తు, లిఫ్ట్‌లో మనిషి పడుకుని పట్టేంత జాగా ఉందా, పేషెంట్ సుమారు బరువెంత, నలుగురైదుగురు గట్టివాళ్ళు దొరుకుతారా. మేం వచ్చేలోపు లేపడానికి ప్రయత్నించకుండా దుప్పటి కప్పి, తల కింద వాళ్ళకి అలవాటైన ఎత్తు పెట్టి, మెట్ల మలుపుల్లో ఉన్న చెప్పుల స్టాండ్లూ కుండీలూ తీసెయ్యమని చెప్తాను.